దారి చూపేవాళ్లు, కథ చెప్పేవాళ్లు

మాఘమాసం ఆదివారం పొద్దున్న అరసవల్లి వెళ్లేవాళ్లకు గైడు అక్కర్లేదు. శ్రీకాకుళంలో బస్సు దిగింది మొదలు జనమే తోసుకుంటూ తీసుకుపోతారు. ఎటు పోవాలని అడగనక్కర్లేదు, ఆగుదామన్నా కుదరదు. మా మేనత్తతో ఒకసారి అలాగే వెళ్లాను. వరసలో రెండు గంటలు నిలబడి, గర్భాలయం ఎదుట రెప్పపాటు ఉండి, బయటికొచ్చి ఇంద్ర పుష్కరిణి గట్టున కూలబడ్డాం.

"స్వామి చేతుల్లో ఏమున్నాయో చూశావా అత్తా?" అన్నాను.

"చేతులేటి? నేను కళ్లే చూశాను. నువ్వేటి చూశావు?" అంది.

నేను చూసింది నా ముందు నిలబడ్డ పెద్దాయన బట్టతల.

ఆ చేతుల్లో తామర మొగ్గలుంటాయని, ఉష, ఛాయ, పద్మిని ముగ్గురూ స్వామితోనే కొలువై ఉంటారని, కింద ఏడు గుర్రాల రథానికి అనూరుడు పగ్గాలు పట్టుకుని ఉంటాడని నాకు తెలిసింది చాలాకాలం తర్వాత. ఒక గురువారం మధ్యాహ్నం గుడి ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తే, తీరిగ్గా ఉన్న అర్చకుడు తనంతట తానే చెప్పాడు. నేను అడిగిందేమీ లేదు. అడగడానికి ఏం ఉందో తెలిస్తే కదా.

వైజాగ్ నుంచో హైదరాబాద్ నుంచో ఈ వైపు వచ్చే స్నేహితులు ముందుగా ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కడ గైడు దొరుకుతాడా, మనమే చూసుకోవచ్చా?" ఇన్నాళ్లూ మనిషికో జవాబు చెప్పాను. తాజ్‌మహల్ దగ్గరో గోల్కొండ దగ్గరో ఈ ప్రశ్నకు అర్థం వేరు. అక్కడ మెడలో కార్డు వేసుకున్న గైడు ఉంటాడు, అతనికో రేటు ఉంటుంది, తీసుకుంటామా మానేస్తామా అన్నదే తేల్చుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలాంటి గైడు నాకు ఎప్పుడో గాని తగల్లేదు. అలాగని చెప్పేవాళ్లు లేరనుకుంటే పొరపాటు. గుడిలో అర్చకుడున్నాడు. పురావస్తు శాఖ కట్టడాల దగ్గర తాళంచెవులు పట్టుకుని కాపలా మనిషి ఉన్నాడు. ఆటో అబ్బాయి ఉన్నాడు. అందరికీ ఒక బంధువు ఉంటాడు, "నేను చూపిస్తాను పదండి" అని భోజనం సగంలో లేచేవాడు. ఇప్పుడు వీళ్లకు తోడు జేబులో ఫోను.

వీళ్లంతా చేసే పని ఒకటి కాదు, రెండు. ఒకటి దారి చూపడం: వరస ఎక్కడ మొదలవుతుంది, చెప్పులు ఎక్కడ వదలాలి, ఏ టికెట్ కొంటే ఎంతసేపట్లో బయటపడతాం. రెండోది కథ చెప్పడం: ఇది ఏమిటి, ఎవరు కట్టారు, ఈ రాతి మీద ఈ బొమ్మ ఎందుకుంది. మనం డబ్బిచ్చేదీ, బతిమాలేదీ మొదటి పనికి. తర్వాత "గైడును పెట్టుకున్నా ఏమీ తెలియలేదు" అంటాం. దారి కొనుక్కుని కథ రాలేదని ఏడిస్తే ఎలా? ఒక క్షేత్రంలో (పేరు అనవసరం) ఒకాయన మమ్మల్ని మహా చాకచక్యంగా పక్క గుమ్మంలోంచి తీసుకెళ్లి పది నిమిషాల్లో బయటికి తెచ్చాడు. ఆ గుడికి ఎన్నేళ్లుంటాయని అడిగితే "చాలా పాతది సార్, యుగాల నాటిది" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆయన అమ్మింది పది నిమిషాలు, మేం కొన్నదీ అదే.

జనం ఉన్నచోట మొదటి పనికే గిరాకీ. అరసవల్లికి రథసప్తమి నాడు ముందురోజు అర్ధరాత్రి నుంచే జనం వస్తారు. క్షీరాభిషేకం, ఆపైన నిజరూప దర్శనం. 2025లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేశాక హడావిడి మరింత పెరిగింది. ఆ రోజు మీ పక్కన ఎంత పండితుడున్నా ఆయన మాట మీ చెవిదాకా రాదు. వచ్చినా ఆగి చూడ్డానికి చోటుండదు. ఆ రోజు కావాల్సింది వరస ఎటు కదులుతోందో తెలిసిన పోలీసు, నీళ్ల ప్యాకెట్టు అందించే వాలంటీరు, బయటికి వెళ్లే గుమ్మం విడిగా ఉండటం. ఇది తేలిగ్గా అంటున్న మాట కాదు. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో వరస మీద గోడ కూలి ఏడుగురు పోయారు. అదే ఏడాది నవంబరు 1న, కార్తిక ఏకాదశి నాడు, మన జిల్లాలోనే కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాటలో తొమ్మిది మంది చనిపోయారు. గైడుతో వెళ్లాలా, మనమే వెళ్లాలా అన్న ప్రశ్నకన్నా ముందు, ఆ రోజు వెళ్లాలా అన్న ప్రశ్న ఉంది. పసిపిల్లలు, ముసలివాళ్లు తోడుంటే నా జవాబు వద్దనే.

అరసవల్లికే ప్రత్యేకమైన రద్దీ ఇంకొకటుంది, సూర్యకిరణాలది. మార్చిలో 9, 10, 11 తేదీల ప్రాంతంలో, అక్టోబరులో 1, 2, 3 తేదీల ప్రాంతంలో, ఉదయపు తొలి ఎండ గుమ్మాలన్నీ దాటుకుని మూలవిరాట్టు పాదాలను తాకుతుంది. కొద్ది నిమిషాలే. మబ్బు పడితే అదీ లేదు. ఉత్తరాయణం దక్షిణాయనంగా మారే వేళ కాబట్టి ఇలా జరుగుతుందని అక్కడ చాలామంది చెబుతారు, చాలాచోట్ల రాశారు కూడా. అయనం మారేది మార్చిలోనూ కాదు, అక్టోబరులోనూ కాదు. మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమవుతాయి. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున పొడుస్తాడు. మార్చి 10 దానికి పది రోజుల ముందు, అక్టోబరు 2 దానికి పది రోజుల తర్వాత. ఈ రెండు వేళలా సూర్యుడు తూర్పుకు కాస్త దక్షిణంగా, దాదాపు ఒకే చోట పొడుస్తాడు. ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి దిగుతూ ఒకసారి. గుడి గుమ్మాల వరస ఆ చోటికి గురిపెట్టి ఉందన్న మాట. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు, చేతిలో పుల్ల ఉంటే ఇసుకలో గీసి చూపించవచ్చు. ఇలా గీసి చూపించేవాడు దొరికితే ఆ గైడుకు ఎంతిచ్చినా నష్టం లేదు. నాకు మాత్రం దొరకలేదు, క్యాలెండరు ముందు పెట్టుకుని నేనే లెక్కేసుకున్నాను.

ఇంకో తమాషా. ఆ కిరణం లోపలికి రావాలంటే దాని దారిలో మనిషి నిలబడకూడదు. వేలమంది చూడాలని వస్తారు, కానీ ఎదురుగా నిలబడి చూసే వీలు ఎవరికీ లేదు. పక్కనుంచి తొంగిచూడాల్సిందే. ఎవరిని వెంటబెట్టుకుపోయినా ఇందులో మార్పుండదు.

శ్రీకూర్మంలో సంగతి వేరు. శ్రీకాకుళానికి పదిహేను కిలోమీటర్ల లోపే, సముద్రానికి దగ్గర. పండగ రోజుల్లో జనం ఉంటారు, పితృకార్యాలు చేసుకునేవాళ్లు రోజూ వస్తారు. అయినా లోపల తిరగడానికి చోటుంటుంది. ఇక్కడ మొదటిసారి ఒక్కరే వెళ్లేవాళ్లు చూసేవి మూడు: కూర్మరూపంలోని స్వామి, బయట తోటకూర తింటున్న నక్షత్ర తాబేళ్లు, ప్రదక్షిణ మండపం. పిల్లలు రెండోదాని దగ్గరే ఆగిపోతారు, వాళ్లను తప్పు పట్టలేం. పెద్దవాళ్లు మండపంలో చకచకా నడిచేస్తారు. చెప్పేవాడు పక్కనుంటే అక్కడ నడక ఆగుతుంది. ఈ స్తంభాల మీద ఉన్న గీతలన్నీ అక్షరాలే. ఎక్కువ భాగం తెలుగే. ఫలానా మనిషి ఫలానా నాడు స్వామికి అఖండ దీపం పెట్టించాడు, దాని నేతికి ఇన్ని ఆవులో ఇన్ని మాడలో ఇచ్చాడు. ఇలాంటివి వరసగా ఉంటాయి. మధ్వాచార్యుల శిష్యుడు, గంగరాజుల దగ్గర అధికారం చేసిన నరహరితీర్థుల శాసనం 1281 నాటిది ఇక్కడే ఉంది. దక్షిణ భారత శాసన సంపుటాల్లో ఐదోది తీస్తే ఈ గుడి గోడలు సగం అందులోకి ఎక్కినట్టు కనిపిస్తాయి. మనం చెయ్యి ఆనించి చెమట తుడుచుకునే స్తంభం ఒకరి దానపత్రం.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. శ్రీకూర్మంలో వినబడే మాటల్లో నాకు ఎక్కువసార్లు వినబడింది, ఇక్కణ్నుంచి కాశీకి సొరంగం ఉందన్నది. వినడానికి బాగుంటుంది, పిల్లలకు కళ్లు పెద్దవవుతాయి. కానీ సొరంగం దగ్గర పావుగంట గడిస్తే దీపాల లెక్కకు సమయం మిగలదు. మంచి కథకుడి లోపం అదే. కథ బాగుంటే రాయి కనబడదు. స్వామి పడమటి ముఖంగా ఉండటం, అందుకని గుడికి రెండువైపులా ధ్వజస్తంభాలుండటం కళ్లతో చూడగలిగిన వింతలు. నిజానికి సొరంగంకన్నా ఇవే పెద్ద వింతలు. అర్చకులు ఇవి చెబుతారు. అడిగితే శ్వేతపుష్కరిణి కథా చెబుతారు. ఆటో అబ్బాయిని అడిగితే సొరంగమే వస్తుంది. ఎవరిని ఏమడగాలో తెలియడం సగం యాత్ర.

శ్రీకాకుళానికి నలభై అయిదు కిలోమీటర్ల అటూ ఇటూ శ్రీముఖలింగం. వంశధార ఒడ్డు. ఒకప్పుడు తూర్పు గంగుల కళింగనగరం. అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకానికి మార్చేదాకా ఒక సామ్రాజ్యం నడిచిన చోటు. ఇప్పుడు పల్లె. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర అని మూడు గుళ్లు. శివరాత్రికీ, ఆ తర్వాత వచ్చే చక్రతీర్థ స్నానానికీ ఒడిశా నుంచి కూడా జనం పోటెత్తుతారు. మిగతా రోజుల్లో మేకలు, పిల్లలు, అప్పుడప్పుడూ ఒక కారు.

సోమేశ్వరం ఎదుట ఒంటరిగా నిలబడ్డప్పుడు నాకు కలిగిన ఇబ్బంది చెబుతాను. బాగుందని తెలుస్తూనే ఉంది, ఏం బాగుందో తెలియదు. గోడంతా శిల్పం. కన్ను ఎక్కడ ఆగాలో తెలియక జారిపోతూ ఉంటుంది. కళింగ పద్ధతి గుళ్లలో గుమ్మం పై కమ్మీ మీద గ్రహాలను చెక్కుతారనీ, పక్క కమ్ముల మొదట్లో నదీదేవతలను నిలబెడతారనీ తెలిసినవాడు పక్కనుంటే "తల ఎత్తు" అంటాడు, "ఇప్పుడు కిందికి చూడు" అంటాడు. ఆ రెండు మాటలు చాలు, మిగిలింది మన కన్ను చూసుకుంటుంది. ఆ రోజు ఆ మాటలనేవాడు లేడు. పురావస్తు శాఖ నీలం బోర్డు ఒకటి మాత్రం ఉంది. ఆ బోర్డు దేశమంతటా ఒకటే: ఈ కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్లదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా. ఎవరు కట్టారన్నది అందులో ఉండదు, ఎవరు పడగొడితే ఎంతో ఉంటుంది.

మధుకేశ్వరంలో అర్చకుడున్నాడు. ఇప్పచెట్టు కథ చెప్పాడు. శాపంవల్ల సవరలుగా పుట్టిన గంధర్వులు, ఒకే భర్తకు ఇద్దరు భార్యలు, ఇప్పపూల పంపకంలో పోట్లాట, చెట్టు నరికితే మొదట్లో ముఖంతో లింగం. మధూకమంటే ఇప్పచెట్టే కాబట్టి మధుకేశ్వరుడు. గర్భాలయం వెనక ఉన్న పెద్ద మట్టికుండ చూపించి కుమ్మరి కథ చెప్పాడు. తన మాట తానే నమ్ముతూ చెప్పాడు, అందుకని వినబుద్ధేసింది. ఏ పుస్తకంలోనైనా ఆ కథ దొరకవచ్చు. ఆయన చెబుతూ ఆ కుండ అంచు మీద అరచెయ్యి వేసిన తీరు మాత్రం పుస్తకంలో దొరకదు.

ఈ ముఖలింగం దగ్గరే ఒక మనిషిని తలుచుకోవాలి. గైడు లేకుండా చూడటమంటే ఏమిటో ఆయనకన్నా బాగా చూపించినవాళ్లు ఈ వైపు లేరు. గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఇక్కడికి కూతవేటు దూరంలోని పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, ముఖలింగం గోడల మీద ఏం రాసుందో చదవాలని పాత లిపిని తనకు తానే నేర్చుకున్నాడు. నేర్పేవాడు లేడు. ఒక్కో అక్షరం పోల్చుకుంటూ, కూడబలుక్కుంటూ చదివి, కళింగనగరమంటే ఈ ఊరేనని వాదించి రాశాడు. కానీ ఆయనకే సవర భాష కావాల్సివచ్చినప్పుడు ఒంటరిగా కూర్చుంటే పనికాలేదు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, తిండిపెట్టి, అతని దగ్గర నేర్చుకున్నాడు. రాతి మీద ఉన్నది మనమే చదువుకోవచ్చు, నోటిలో ఉన్నదానికి ఆ నోరే కావాలి. ఈ ప్రశ్న మీద నాకు తెలిసిన వివేకమంతా ఆయన చేసిన ఈ రెండు పనుల్లో ఉంది.

1919లో శాలిహుండం బౌద్ధ శిథిలాలను లోకానికి చూపించిందీ ఆయనే. అదీ వంశధార ఒడ్డునే, గార మండలంలో, కొండ మీద. కళింగపట్నం రేవు దగ్గరే. స్తూపాలు, చైత్యాలు, ఇటుక పునాదులు. తవ్వకాల్లో ధాతువుల పేటికలు దొరికాయి, తార, మారీచి విగ్రహాలు దొరికాయి. అంటే హీనయానం నుంచి వజ్రయానం దాకా వందల ఏళ్ల బౌద్ధం ఒక్క కొండ మీద పొరలుపొరలుగా ఉందన్న మాట. పేరులోని శాలి వరి. కొండ మీద నిలబడితే ఆ పేరు ఎందుకొచ్చిందో కింద పచ్చగా కనబడుతుంది.

అక్కడికి మనంతట మనం వెళ్తే కనబడేవి గుండ్రటి ఇటుక దిమ్మెలు. నేను చెబుతున్నది నిజం. మొదటిసారి వెళ్లినప్పుడు గాలి బాగుంది, నది బాగుంది, అరగంటలో దిగి వచ్చేశాను. రెండోసారి చరిత్ర చదువుకున్న ఒక మిత్రుడితో వెళ్తే మూడు గంటలు పట్టింది. ఇదిగో ఈ గది ఒకవైపు గుండ్రంగా ఉంది చూడు, చివర స్తూపం, దాని చుట్టూ తిరిగే దారి, భిక్షువులు ఇటునుంచి వచ్చేవాళ్లు, ఓడలవాళ్లు దానాలు అటునుంచి తెచ్చేవాళ్లు. ఇటుకలు అవే, గాలి అదే. మధ్యలో ఆగి టీ తాగుదామంటే కొండ మీద టీ లేదు, అందుకే మూడు గంటలు, లేకపోతే నాలుగు.

రామతీర్థంలో ఇదే తేడా ఒక్క ఊళ్లోనే కనబడుతుంది. విజయనగరానికి దగ్గర, నెల్లిమర్ల మండలం. శ్రీరామనవమికి, ఏకాదశులకు రాముడి గుడి కిటకిటలాడుతుంది. ఎదురుగానే గురుభక్తులకొండ మీద బౌద్ధుల ఆనవాళ్లు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు. 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించాడు. రాముడి వరసలో వందలమంది నిలబడి తలెత్తితే కనబడే కొండ అది. ఎక్కేవాళ్లు వేళ్ల మీద లెక్క. ఎక్కడం కష్టమని కాదు, పైన ఏముందో చెప్పేవాళ్లు కింద లేరు. నలుగురు కుర్రాళ్లకు పదిరోజులు పాఠం చెప్పి, ఆ వరస పక్కన నిలబెట్టి, "దర్శనం అయ్యాక కొండెక్కుదాం రండి" అనిపిస్తే చాలు. కింద రద్దీ కొంత పైకి తేలుతుంది కూడా.

విజయనగరం కోటకు వస్తే ప్రశ్న మళ్లీ మారుతుంది. కోట 1713 నాటిది. విజయరామరాజు పేరులో విజయం, సంవత్సరం విజయ, తిథి విజయదశమి, వారం జయవారమనే మంగళవారం. ఇలా విజయాల లెక్కను ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, చోటు చూపించిన మహబూబ్ వలీ అనే ఫకీరు పేరుతో సహా. ఇంత సులువుగా జ్ఞాపకముండే పునాది కథ ఇంకో కోటకు ఉందో లేదో. కానీ లోపలికి వెళ్తే అది మ్యూజియం కాదు, కాలేజీ. మాన్సాస్ విద్యాసంస్థలున్నాయి. నగారాఖానా గుమ్మంలోంచి ఏనుగుల బదులు స్కూటర్లు పోతుంటాయి. ఇక్కడ నా సలహా ఒంటరిగా తిరగమనే. పెద్దచెరువు గట్టు, మూడు లాంతర్లు, 1885 నాటి గంటస్తంభం, గురజాడవారి ఇల్లు, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన సంగీత కళాశాల, అన్నీ నడకదూరంలోనే. ఊరు తనను తాను చెప్పుకుంటుంది. దారి తప్పితే ఇంకా మంచిది. గైడు కావాలంటే ఈ ఊరు ఒకణ్ని ఎప్పుడో ఇచ్చింది, గురజాడవారి గిరీశాన్ని. ఆయన్ను పెట్టుకుంటే కోట చరిత్ర అంతా చెబుతాడు, ఒక్క ముక్కా నిజం ఉండదు, చివర్లో మన చుట్టలు మనకు మిగలవు. అయినా పెట్టుకోవాలనిపిస్తుంది.

సిరిమానోత్సవం రోజు మాత్రం ఈ సలహా పనికిరాదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, పైడితల్లమ్మ ఊరేగింపు. చింతమాను చివర పూజారి కూర్చుంటాడు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. మూడు లాంతర్ల దగ్గర గుడినుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. రాజవంశీకులు కోట బురుజు మీదినుంచి చూస్తారు. చూడవలసింది తానే నడిచి వచ్చే చోట చూసేవాడు తిరగకూడదు, ఒకచోట పాతుకోవాలి. ఆ చోటు ఎక్కడో గైడు చెప్పలేడు. ఆ దారిలో మేడ ఉన్న చుట్టాలు చెప్పాలి. వాళ్లతో రాకపోకలు ఏడాదంతా బాగుంచుకోవాలి, అక్టోబరులో ఒక్కరోజు ఫోన్ చేస్తే గుర్తుపట్టరు. ఆ మేడ మీద కూర్చున్న ముసలమ్మ సిరిమాను వచ్చేలోగా చెప్పే కథ ఉంది చూడండి, అన్న బొబ్బిలి మీదికి యుద్ధానికి పోతుంటే వద్దన్న చెల్లెలు పైడితల్లి, ఆ అన్న చావు కబురు, పెద్దచెరువు. దాన్ని మించిన గైడింగు ఉంటుందనుకోను.

అదే యుద్ధం గురించి బొబ్బిలి వెళ్లి వినండి. 1757 జనవరి 24. అక్కడ స్మారక స్తంభం ఉంది, 1891లో రాజావారు నిలిపింది. అక్కడ చెల్లెలు కనబడదు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, బొబ్బిలి రాజు రంగారావు, కోటలోని ఆడవాళ్ల చావులు, మూడోనాటి రాత్రి ఆ అన్న డేరాలో దూరిన తాండ్ర పాపారాయుడు. విజయనగరంలో కన్నీళ్లతో చెప్పుకునే చావు బొబ్బిలిలో రోమాలు నిక్కబొడుచుకునే ఘట్టం. ఒక్క ఊళ్లోనే గైడు మాట విని వెళ్లిపోయినవాడికి సగం యుద్ధమే తెలుస్తుంది. అరవై కిలోమీటర్ల లోపు రెండు ఊళ్లు, రెండు గొంతులు. అందుకని ఇక్కడ ఇద్దరు గైడులు కావాలి, ఇద్దర్నీ ఒకే కారులో మాత్రం ఎక్కించకూడదు. పాపారాయుడి రాజాం 2022లో జిల్లాలు విడదీసినప్పుడు విజయనగరం జిల్లాలోకే వచ్చి కలిసింది. ఆయన ఏమనేవాడో.

ప్యాకేజీ బస్సు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వైజాగ్‌లో తెల్లవారుజామున ఎక్కిస్తారు, అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం చూపించి రాత్రికి దింపేస్తారు. చూశామని చెప్పుకోవడానికి సరిపోతుంది. సొంత వాహనం లేని పెద్దవాళ్లకు అది వరమే, నవ్వడం తగదు. కానీ నలభైమంది ఒక్కసారి దిగితే ముఖలింగంలో కూడా రద్దీ తయారవుతుంది. రద్దీని తప్పించుకోవడానికి గైడును పెట్టుకునేవాళ్లు గమనించని సంగతి ఇది: గుంపుగా నడిపించే గైడే రద్దీకి ఒక కారణం. వెనిస్ నగరం 2024లో ఒక గైడు వెంట 25 మందికి మించి ఉండకూడదనీ, లౌడ్‌స్పీకర్లు వాడకూడదనీ నిబంధన పెట్టింది. మన దగ్గర మైకు గైడు చేతిలో ఉండదు, కార్యాలయం చేతిలో ఉంటుంది. తప్పిపోయిన పిల్లవాడి పేరు, మధ్యలో భక్తిపాట, మళ్లీ పిల్లవాడి పేరు.

ఫోను వల్ల కొంత మేలు జరిగింది. నీలం బోర్డు చెప్పనిది అది చెబుతుంది. కాకపోతే ఫోను కూడా ఆటో అబ్బాయిలాంటిదే, అయనాలు మారతాయనీ సొరంగముందనీ అదే చెబుతుంది. ఇంకోటి, మనం అడిగిందే చెబుతుంది. "తల ఎత్తు" అనదు. గోల్కొండ ఫతే దర్వాజా కింద గైడు చప్పట్లు కొడితే ఆ చప్పుడు పైన బాలాహిసార్ దగ్గర వినబడుతుంది. అతను చెప్పిన తారీఖులన్నీ మరిచిపోయాను గాని ఆ చప్పట్లు మరిచిపోలేదు. చెప్పడంకన్నా చేసి చూపించడం గొప్ప. అది ఫోనుకు ఎప్పుడొస్తుందో.

కాబట్టి ఫోన్ చేసి అడిగే స్నేహితులకు ఇప్పుడు నేను చెబుతున్నది ఇది. అరసవల్లికి ఎవరూ వద్దు, ఆదివారం కాని రోజు చూసుకుని మధ్యాహ్నానికి ముందో, సాయంత్రమో మీరే వెళ్లండి, గుడి ఖాళీగా ఉంటే అర్చకుణ్ని పలకరించండి. గోత్రనామాలు అయ్యాక ఇంకొక్క మాట అడగడానికి మొహమాటపడొద్దు. శ్రీకూర్మంలో ప్రదక్షిణ రెండుసార్లు చేయండి, మొదటిది భక్తికి, రెండోది స్తంభాలకు. గైడు మీద ఖర్చుపెట్టాలనుకున్న డబ్బూ, బతిమాలాలనుకున్న ఓపికా శాలిహుండానికీ, ముఖలింగానికీ, గురుభక్తులకొండకూ దాచండి. జనం లేని చోటుకే చెప్పేవాడు కావాలి. కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారో, శాసనాలు చదవగలిగిన విశ్రాంత ఉద్యోగో ఈ రెండు జిల్లాల్లో ఊరికొకరు దొరుకుతారు. కారులో ఎక్కించుకుని, మధ్యాహ్నం మంచి భోజనం పెట్టించి, ఆయన వేగంతో నడవండి. సిరిమానుకైతే మేడ ఉన్న చుట్టం, బొబ్బిలికైతే బొబ్బిలివాడు. ముఖలింగం మాత్రం మొదట ఒక్కరే ఒక గంట చూడండి. తెలియకపోవడం ఎలా ఉంటుందో తెలిశాకే చెప్పేవాడి మాట లోపలికి దిగుతుంది.

ఇదంతా మొన్న మాఘమాసం ముందు మా అత్తకూ చెప్పాను. ఆదివారం వద్దు, గురువారం తీసుకెళ్తాను, స్వామి చేతులు, గుర్రాలు, అనూరుడు, అన్నీ నిలబడి చూద్దువుగాని అన్నాను. అంతా విని, వక్కపలుకు నోట్లో వేసుకుంది.

"గురువారం జనం ఉండరు కదేటి?"

"అందుకే కదా అత్తా."

"మరి ఆయన్ని చూడ్డానికి ఎవులూ రాని రోజు నేనెందుకురా ఎల్లడం?" అంది. ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకు లేపి, జిల్లేడాకులు చేతిలో పెట్టింది.